వైరు పొడుగు

ఓర్వకల్లు రాళ్ల మీద ఎండ ఇంకా దిగలే.
హ్యాంగరు రేకులు చిటపటమంటన్నాయి.
బండి తోస్తన్నా,
విమానాలకు కింద నుంచి కరెంటు ఇచ్చే బండి.
ఒక చక్రం ఎప్పుడూ ఎడమకే గుంజుతాది
కాడికి అలవాటు పడని కోడె మాదిరి.

తెల్ల విమానం. నాలుగు సీట్లది.
పత్తి విత్తనాల కంపెనీ వాళ్లది.
మూడు వారాలాయె కదిలి.
లోపల ఎవరో లైటు ఆర్పకుండా దిగిపోయినారు.
గోరంత లైటు,
బ్యాటరీనంతా తాగేసింది.
మీటరు పెడితే పద్దెనిమిది చూపించింది,
ఇరవై నాలుగు ఉండాల్సిన చోట.

ఉంగరం తీసి జేబులో ఏసుకున్నా.

అది ఖాసీం పీరా నేర్పిన అలవాటు.
నంద్యాల చెక్‌పోస్టు కాడ టార్పాలిన్ కింద ఆయప్ప షాపు.
ట్రాక్టర్లవి, లారీలవి, బోరుబండ్లవి
వరసగా కూచోని రాత్రంతా గుడగుడమంటుండ్య.
యాసిడ్ చుక్కలు పడి
లుంగీ నిండా తూట్లు.
ఎండకు పట్టి చూపిస్తా,
"చూడ్రా, పట్టపగలు చుక్కలు" అని నవ్వుతుండ్య.
మైనస్ ముందర విప్పు, ఆఖర్న కట్టు.
బ్యాటరీ అంటే బాలింత,
ఆత్రంగా తినిపిస్తే ఒంటికి పట్టదు.
ఆయప్ప ఉంగరపు వేలి చుట్టూ నల్లటి మచ్చ.
అది మాత్రం అడిగితే చెప్పకపోతుండ్య.

విమానం డొక్కలో చిన్న తలుపు.
తెరిస్తే మూడు పిన్నులు,
రెండు లావువి, ఒకటి పొట్టిది.
పొట్టిది ఆఖర్న తగులుతాది.
అది తగిలితే గాని కరెంటు లోపలికి పోదు,
మూడో ముడి పడితే గాని పెండ్లి కానట్లు.

మాస్టర్ ఆపినారా మేడం?
ఆపినా.
రేడియోలు?
అన్నీ.
బండి మీద నంబరు రెండుసార్లు చూసుకున్నా.
పోయినేడు శిక్షణ స్కూలోళ్ల బుడ్డ విమానానికి,
పన్నెండు వోల్టులదానికి,
ఇరవై ఎనిమిది తగిలించినాడు ఒకడు.
కాలిన రేడియో వాసన
ఇంకా నా ముక్కులోనే ఉండాది.

అంతలో ఓనరు వచ్చినాడు,
చెవి కాడ ఫోను, చేతిలో ఇంకో ఫోను.
"బండితోనే స్టార్ట్ చెయ్యప్పా,
మిగతాది పైన నిండుతాదిలే.
రెండుకి బెంగుళూర్లో ఉండాల."

ఇంజను తిరుగుతాది, కాదనను.
అది తిరిగినంక పైన ఏదన్నా ఆగితే
ఆదుకోవాల్సింది ఆ బ్యాటరీనే గదా,
దాని కడుపులో ఏముందని?
పైలట్ మేడం, వైజయంతి,
ఏమీ అనలే. నాకేసి చూసింది.
నా జీతం ఎంతో నాకు తెలుసు.
గొంతు ఎండిపోయింది.

"సార్," అన్న్యా,
"బండి ఇక్కడే ఉంటాది. మీరు పైకి పోతారు.
వైరు అంత పొడుగు లేదు."

ఆయన నవ్వలే.
మేడం మొకం రెక్క దిక్కుకు తిప్పుకుంది,
భుజాలు కదిలినాయి.
కాసేపటికి తెల్లకారు
దుమ్ము లేపుకుంటా హైవే ఎక్కింది.

రాత్రి బ్యాటరీని బల్ల మీద పెట్టినా.
చిన్న చార్జరు, టిఫిన్ డబ్బా అంత ఉంటాది.
ఎర్ర దీపం.
గ్యాసు పోవాలని హ్యాంగరు తలుపు బార్లా తెరిసినా,
దోమలు జాతరకొచ్చినట్లొచ్చినాయి.
పొద్దున మిగిలిన ఉగ్గాని తిన్యా, చల్లగా, గట్టిగా.
పదకొండుకి ఎర్రదే.
ఒంటిగంటకీ ఎర్రదే.
చెయ్యి పెట్టి చూసినా, జొరమొచ్చిన పిల్లోని నుదురు చూసినట్లు.
ఏడెక్కలే. మంచిదే.

ఖాసీం పీరా ఒక్కసారన్నా విమానం ఎక్కలే.
నేనూ ఎక్కలే.
ఎన్నిటిని లేపినానో లెక్క లేదు.

పచ్చదీపం ఎప్పుడు పడిందో చూడలే,
కునుకు పట్టింది.
లేచేసరికి రాళ్ల మీద తెల్లారుతాంది.
లోడు పెట్టి పరీక్ష చేసినా, నిలబడింది.
ప్లస్ ముందర, మైనస్ ఆఖర్న.
మేడం తాళం తిప్పింది.
ఈసారి బండి మూలన్నే ఉంది,
చక్రం ఎడమకు తిరుక్కోని.

ఇంటికి పోతే సుంకులమ్మ
నీళ్ల చెంబు ఇయ్యకముందే
నా చెయ్యి పట్టుకోని అడిగింది:
"ఉంగరం యాడ?"